పెడల్ ఎందుకు మెత్తగా ఉంది? 1995 మారుతి 800 బ్రేకుల డైరీ

జనవరి 12, ఆదివారం

మూడేళ్ల తరువాత షెడ్డు తలుపులు రెండూ బార్లా తీశాను. లోపల నాన్న 1995 ఏప్రిల్‌లో కొన్న తెల్ల మారుతి 800. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు. బ్యాటరీ మార్చి, ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలు తోడేసి కొత్తది పోస్తే నాలుగో ప్రయత్నంలో స్టార్టయింది. ఆ చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి గరిటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఇప్పుడే ఎందుకంటే, సొంత కారు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. నాన్న ఉండగా 2010లో, 2015లో, 2020లో మూడుసార్లు చేయించారు. నాలుగోసారి ఈ ఏప్రిల్‌లో. ఈసారి నా వంతు.

ఇంజను తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కితే మాత్రం పెడల్ ఎక్కడా ఆగకుండా పోయి నేలకు తగిలింది. దిగి చుట్టూ చూస్తే వెనక ఎడమ టైరు లోపలి గోడ తడిగా మెరుస్తోంది. వేలితో తుడిచి చూశాను. జిడ్డు ఉంది గానీ ఇంజను ఆయిల్‌లా చిక్కగా లేదు. బ్రేక్ ఆయిల్. డ్రమ్ములో ఉండి, ఆయిల్ ఒత్తిడితో బ్రేక్ షూలను డ్రమ్ముకేసి నెట్టే వీల్ సిలిండర్ కారుతోందన్నమాట.

ఒక్క వీల్ సిలిండర్ మార్చి ఊరుకోవచ్చు. కానీ మూడేళ్లు కదలకుండా ఉన్న బండిలో ఒక రబ్బరు పోయిందంటే మిగతా రబ్బర్లు కూడా అదే వయసువి. పైగా నా బండికి కాలి బలాన్ని పెంచి అందించే బూస్టర్ లేదు. కాలి బలం ఎంతో బ్రేకు అంతే. అందుకే పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్, వెనక రెండు వీల్ సిలిండర్లు, బ్రేక్ షూలు, ముందు డిస్కులను నొక్కే ప్యాడ్లు, ఆ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ల సీళ్లు, ముందు చక్రాల రబ్బరు హోసులు అన్నీ ఒకేసారి మార్చాలని నిర్ణయించుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒకే దుకాణంలో అన్నీ దొరికాయి.

జనవరి 18, శనివారం

వెనక డ్రమ్ములు ఊడదీయడానికే పొద్దున్న అంతా పట్టింది. తుప్పు పట్టి హబ్బుకు అతుక్కుపోయాయి. చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ సమంగా తడుతూ పోతే చివరికి కదిలాయి. లోపలి దుమ్మును ఊదలేదు, పొడిగుడ్డతో తుడవలేదు. షూల మీది రాపిడి పొరలు, అంటే లైనింగులు, పాతవైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి నీళ్లతో తడిపి, తడిగుడ్డతోనే తీశాను.

ఎడమ వీల్ సిలిండర్‌ను విప్పి వెలుతురులో పట్టి చూశాను. అద్దంలా ఉండాల్సిన లోపలి గోడ మీద మిరియపు గింజ పరిమాణంలో గుంటలు, వాటి చుట్టూ గోధుమరంగు మరకలు. రబ్బరు కప్పు పెదవి ఒకచోట చిరిగి వెనక్కి మడిచుకుపోయింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ అడుగున చేరి లోహాన్ని లోపలినుంచి తింటుంది. ఆయిల్ పాతబడితే అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలే. కొండ దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ తొక్కినా చక్రం ఆగదు. సీలు తీసి నెలలు గడిచిన డబ్బాలో ఆయిల్ మిగిలిందని దాచుకుని పోయకండి.

ఎడమ షూల లైనింగు ఆయిల్‌లో నానిపోయింది. పెట్రోలుతో కడిగి ఆరబెడితే సరిపోతుందని కొందరు అంటారు. నేను నమ్మను. లైనింగు పీల్చుకున్న ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. అందుకే నాలుగు షూలూ మార్చేశాను.

మధ్యాహ్నం ముందు కాలిపర్ల పని. పిస్టన్లు బిగుసుకుపోయాయి. మామూలుగా అయితే పెడల్ మెల్లగా తొక్కి వాటిని బయటికి నెట్టవచ్చు. ఇక్కడ పెడల్‌కే ఒత్తిడి లేదు. విప్పే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుని, రెండు కాలిపర్లనూ ఒకే గోనెసంచిలో వేసుకుని సందు చివర పంక్చర్ షాపుకు వెళ్లాను. చెక్కముక్క అడ్డం పెట్టి కొద్దికొద్దిగా గాలి ఇస్తే రెండూ టప్పున బయటికి వచ్చాయి. చేతివేళ్లు ఆ దారిలో పెట్టకూడదు.

కాలిపర్ సీలు చూడటానికి చాలా చిన్నది. అడ్డకోతలో చతురస్రంగా ఉండే రబ్బరు ఉంగరం. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు అది కొద్దిగా వంగుతుంది, కాలు తీయగానే మళ్లీ నిటారుగా లేస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. డిస్కు బ్రేకులో ప్యాడును వెనక్కి తెచ్చే స్ప్రింగు వేరే ఉండదు. ఆ పని ఈ సీలే చేస్తుంది. రెండు కాలిపర్లనూ కడిగి, కొత్త సీళ్లకు బ్రేక్ ఆయిల్ రాసి, పిస్టన్లను వేళ్లతోనే లోపలికి నెట్టాను. నునుపుగా దిగాయి.

జనవరి 26, ఆదివారం

అన్నీ బిగించాను. ఇక పైపుల్లో చేరిన గాలి తీయడం.

మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను చక్రం దగ్గర. గాలి బయటికి వదలడానికి ప్రతి చక్రం దగ్గరా ఉండే చిన్న మర, నిప్పుల్‌కు తెల్లని ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, రెండో కొసను కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో ముంచాను. మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంది కాబట్టి అన్నిటికన్నా దూరమైన వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాను.

"తొక్కు."

"తొక్కాను నాన్నా."

"వదలకు." నిప్పుల్ పావు చుట్టు వదులు చేస్తే బుడగలు, ఆయిల్ కలిసి ట్యూబులోకి వస్తాయి. బిగించాక, "ఇప్పుడు వదులు." మళ్లీ తొక్కు.

వెనక రెండు చక్రాలకు బుడగలు ఆగిపోయాయి. ముందు రెండింటికి కూడా ఆగిపోయాయి. మాస్టర్ సిలిండర్ పైనున్న డబ్బాలో ఆయిల్ ఒక్కసారి కూడా కనిష్ఠ గీత దాటి దిగకుండా పోస్తూనే ఉన్నాను. లీటరు ఆయిల్ అయిపోయింది. నేనే సీట్లో కూర్చుని తొక్కి చూశాను. పెడల్ ముప్పాతిక వంతు లోపలికి వెళ్లి ఆగింది. ఆగిందనడం కన్నా దిండు మీద కాలు పెట్టినట్టు కుంగిందనడం సరైన మాట. వెంటవెంటనే రెండోసారి తొక్కితే కొంచెం పైనే ఆగింది. మూడోసారికి ఇంకా పైన. అర నిమిషం ఆగి తొక్కితే మళ్లీ మొదటికి వచ్చింది.

అంతా కొత్తది. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. అయినా బ్రేకు లేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

వారమంతా దీని గురించే ఆలోచించాను. పెడల్ కాలికి చెప్పే మాటలు మూడు రకాలు. తొక్కితే లోతుగా వెళ్లి, రెండోసారి పైన ఆగి, ఆగినచోట రాయిలా గట్టిగా ఉంటే షూలకు, డ్రమ్ముకు మధ్య ఖాళీ ఎక్కువైందని అర్థం. పైనే ఆగి, కాలు అదిమిపెట్టి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు ఆయిల్‌ను ఆపలేకపోతోంది. తొక్కినకొద్దీ రబ్బరు బంతిలా కుంగి తిరిగి నెడుతుంటే లోపల గాలి ఉంది. ఆయిల్‌ను నొక్కి చిన్నది చేయలేం, గాలిని చేయగలం. కాలి బలం చక్రందాకా వెళ్లకుండా ఆ గాలిని నొక్కడంలోనే ఖర్చయిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, మొదటిదానిలోనూ మూడోదానిలోనూ పదేపదే తొక్కితే పెడల్ పైకి వస్తుంది. తేడా పైకి వచ్చాక తెలుస్తుంది. నాకు పైకి వచ్చాక కూడా కొంత మెత్తదనం ఉంది, కానీ అది నా అనుమానమో నిజమో తేల్చుకోలేకపోయాను.

అందుకే హ్యాండ్ బ్రేక్ పరీక్ష చేశాను. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగితే వెనక షూలు డ్రమ్ముకు ఆనుకుంటాయి. అప్పుడు పెడల్ తొక్కాలి. అది బాగా పైన ఆగితే లోపం షూల ఖాళీలో ఉన్నట్టు. నాకు ఒక వేలు మందం పైకి వచ్చింది, అంతే. డ్రమ్ములు తీసి, హ్యాండ్ బ్రేక్ కేబులు వదులు చేసి, షూలను సరిచేసి మళ్లీ బిగించాను. చక్రం చేత్తో తిప్పితే ఎక్కడో ఒకచోట లైనింగు సన్నగా రాసుకునే చప్పుడు వినిపించేదాకా తెచ్చాను. కేబులు సంగతి చాలామంది మరిచిపోతారు. ముందుగా కేబులు బిగించేస్తే షూలు ఎప్పుడూ సగం తెరుచుకునే ఉండి, ఖాళీ సరిదిద్దే ఏర్పాటు పనిచేయదు. షూలు ముందు, కేబులు చివర.

పెడల్ కొద్దిగా మెరుగు. మెత్తదనం అలాగే ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ రోజు చేసిన రెండు పనులనూ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదటిది. లోపం మాస్టర్ సిలిండర్‌లోనే ఉందని తీర్మానించుకుని, దాన్ని విప్పి ఆటోనగర్ దుకాణానికి పట్టుకెళ్లాను. "ఇది మంచిది కాదండీ, ఒత్తిడి పట్టడం లేదు" అన్నాను. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. బిల్లు అడగలేదు. అదే కంపెనీది మరొకటి పెట్టెలోంచి తీసి ఇచ్చాడు.

ఈసారి దాన్ని బండికి బిగించకముందే గాలి తీశాను. వైస్‌లో సమతలంగా పట్టించి, ఆయిల్ పోసి, ఆయిల్ బయటికి వెళ్లే రంధ్రాలకు చిన్న ట్యూబులు పెట్టి కొసలను పైడబ్బాలోనే ముంచి, మొద్దు స్క్రూడ్రైవరుతో పిస్టన్‌ను మెల్లగా నెట్టుతూ పోయాను. పదిహేను ఇరవై నెట్లకు బుడగలు పూర్తిగా ఆగాయి. కొత్త మాస్టర్ సిలిండర్ వేసేటప్పుడు ఈ పని తప్పనిసరి. బండికి బిగించిన తరువాత అందులో చిక్కుకున్న గాలిని చక్రాల దగ్గరనుంచి తీయడం చాలా కష్టం.

రెండోది. బిగించాక కూడా పెడల్ మెత్తగానే ఉండటంతో, పెడల్‌నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే పుష్ రాడ్‌ను నట్టు తిప్పి కొంచెం పొడవు చేశాను. పెడల్ పైకి వచ్చింది. చూడటానికి బాగుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆటోనగర్‌లో నాన్న ఎప్పుడూ బండి చూపించే పెద్ద మేస్త్రీ గారున్నారు. డెబ్బై దాటాయి. ఇప్పుడు పని కొడుకు చూసుకుంటున్నాడు, ఆయన రోజూ వచ్చి కుర్చీలో కూర్చుంటారు. నేను మార్చిన సామాను పేర్లన్నీ వరసగా చెప్పాను. చివరిదాకా విన్నారు.

"మార్చినవి చాలు బాబూ. ఇక మూసి చూడండి."

మూయడమంటే ఏమిటో ఆయన లేచి వెళ్లి ఒక పాత డాల్డా డబ్బా తెచ్చి చూపించారు. నిండా బిరడాలు. పాత బ్రేకు పైపుల కొసలను నట్టుతో సహా కోసి, చివర నలిపి వెల్డింగ్ చేసినవి. "పైపులు విప్పేసి మాస్టర్‌కే వీటిని బిగించండి. ఆయిల్ ఎటూ పోదు. అప్పుడు పెడల్ రాయిలా ఉంటే మాస్టర్ మంచిది. అక్కడినుంచి ఒక్కొక్క దారీ తెరుచుకుంటూ పోండి. ఏ దారి తెరిస్తే పెడల్ కుంగిందో దొంగ ఆ దారిలో ఉన్నాడు." డబ్బుకు ఒప్పుకోలేదు. "పని అయ్యాక తెచ్చివ్వండి" అన్నారు.

ఇంటికి వచ్చి మాస్టర్ రంధ్రాలన్నీ మూసి, పైన మిగిలిన కొద్దిపాటి గాలి తీసి తొక్కాను. పెడల్ అంగుళం కూడా కదల్లేదు. గోడను తన్నినట్టు ఉంది. రెండు కాళ్లతో అదిమినా దిగలేదు, నిమిషం పట్టి ఉంచినా దిగలేదు.

మాస్టర్ సిలిండర్ మంచిది. బహుశా నేను తిరిగి ఇచ్చేసినదీ మంచిదే.

ఫిబ్రవరి 23, ఆదివారం

పైపులు తిరిగి బిగించి, మళ్లీ గాలి తీసి, ఈసారి హోసుల పని పట్టాను. ముందు చక్రాల రబ్బరు హోసులను నొక్కి మూయడానికి నునుపైన, గుండ్రని దవడలున్న క్లాంపులు తెచ్చుకున్నాను. పళ్లున్న పట్టకారుతో నొక్కితే హోసు లోపలి పొర చిట్లిపోతుంది, బయటికి ఏమీ కనిపించదు.

రెండు హోసులూ మూసి తొక్కాను. పెడల్ పైనే ఆగింది, గట్టిగా. అంటే వెనక చక్రాలు, పైపులు, మాస్టర్ అన్నీ బాగున్నాయి. ఎడమ క్లాంపు తీశాను. కుంగింది. ఎడమది మళ్లీ మూసి కుడిది తీశాను. అంతే కుంగింది.

ఇక్కడ కాసేపు నేల మీదే కూర్చుండిపోయాను. రెండు వేర్వేరు కాలిపర్లకు ఒకే రోగం, ఒకే మోతాదులో ఎలా వస్తుంది? సామాను చెడితే ఒకటి చెడాలి. రెండూ ఒకేలా ఉన్నాయంటే రెండింటికీ నేను ఒకేలా చేసిన పని ఏదో ఉండాలి.

టార్చిలైటు తీసుకుని ఎడమ చక్రం వెనక పడుకుని చూశాను. కాలిపర్ శుభ్రంగా ఉంది. హోసు ఉంది, కొద్దిగా మెలి తిరిగి ఉంది. నిప్పుల్ ఉంది, కాలిపర్ అడుగున, నేలవైపు చూస్తూ.

కుడివైపు వెళ్లి చూశాను. అక్కడా అడుగునే.

ఫోను తీసి జనవరి 18న తీసిన ఫొటో వెతికాను. తుప్పు పట్టిన పాత కాలిపర్, మట్టి, దాని నెత్తి మీద రబ్బరు టోపీతో నిప్పుల్. ఆ ఫొటో అయిదు వారాలుగా నా జేబులోనే ఉంది.

గోనెసంచిలో రెండూ కలిసిపోయాయి. కడిగాక రెండూ ఒకేలా కనిపించాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించేశాను. బోల్టులు సరిపోయాయి, హోసు కూడా కొంచెం మెలిపెడితే అందింది, కాబట్టి ఎక్కడా అనుమానం రాలేదు. అలా బిగిస్తే పైన ఉండాల్సిన నిప్పుల్ కిందికి వస్తుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. బోర్లించి నీళ్లలో ముంచిన గ్లాసులో గాలి ఎలా నిలిచిపోతుందో పిస్టన్ గదిలో పైభాగాన అలాగే నిలిచిపోయింది. కింద నిప్పుల్ తెరిస్తే స్వచ్ఛమైన ఆయిల్ వస్తుంది, ట్యూబులో ఒక్క బుడగా కనిపించదు. లీటర్లకు లీటర్లు పోసినా అంతే.

కాలిపర్‌ను విప్పి నిప్పుల్ పైకి వచ్చేలా చేత్తో పట్టుకుని, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి గాలి తీసి మళ్లీ అలాగే బిగించవచ్చు. కానీ హోసు మెలి తిరిగి ఉంది, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడైనా రాసుకోవచ్చు. అందుకే రెండూ విప్పి సరైన వైపులకు మార్చాను. హోసు బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు ఒకసారి నలిగితే మళ్లీ సరిగా కూర్చోవు, కొత్తవి వేశాను. సుత్తి, పంచ్ తీసుకుని కాలిపర్ల వీపు మీద "ఎ" అని ఒకదానికి, "కు" అని ఒకదానికి చుక్కలతో కొట్టాను.

అమ్మాయిని పిలిచాను. "తొక్కు." నిప్పుల్ తెరవగానే ట్యూబులోకి మొదట ఆయిల్ రాలేదు. గాలి వచ్చింది. గోళీసోడా కొట్టినట్టు సీసాలో బుడబుడమని నురగ. రెండోసారి తొక్కితే ఇంకా నురగ. నాలుగోసారికి సన్నని బుడగల వరస. ఆ తరువాత తేనె రంగులో తీగలా ఆయిల్.

"నాన్నా, ఇక దిగడం లేదు" అంది లోపలినుంచి.

మార్చి 2, ఆదివారం

తొలిసారి బయటికి తీశాను. తాడేపల్లి నుంచి ఉండవల్లి, అక్కడినుంచి కృష్ణ కరకట్ట మీదుగా. తెల్లవారుజామున వాహనాలు తక్కువ. మొదటి రెండు కిలోమీటర్లు ఎంత బాగున్నాయో చెప్పలేను. కాలు ఆనించగానే బండి తలవంచి ఆగుతోంది.

నాలుగో కిలోమీటరు దాటాక మూడో గేరులో బండి బరువుగా అనిపించింది. యాక్సిలరేటరు వదిలితే దొర్లిపోవాల్సింది, ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు ఆగిపోతోంది. పెడల్ తొక్కితే చాలా పైనే, చాలా గట్టిగా తగులుతోంది. కాలిన వాసన. పక్కకు తీసి ఆపాను. చక్రాలకు అరచేయి దూరంగా పెట్టి చూశాను. నాలుగింటి నుంచీ సెగ వస్తోంది. నీళ్లు పోయలేదు, కాలుతున్న డిస్కు మీద నీళ్లు పడితే వంకర పోవచ్చు.

గేరు తీసి నెట్టితే బండి కదల్లేదు. బ్రేకులు వాటంతట అవే పట్టేశాయి.

పోయిన వారం నేర్చుకున్న ప్రశ్ననే మళ్లీ వేసుకున్నాను. ఒక్క చక్రం పట్టేస్తే ఆ కాలిపరో, ఆ సిలిండరో, ఆ హోసో అనుకోవచ్చు. నాలుగూ పట్టేశాయంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదే కారణం. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది మాస్టర్ సిలిండర్, పెడల్. మాస్టర్ మంచిదని రుజువైంది. ఇక మిగిలింది పెడల్ దగ్గర నేను చేసిన పని.

బానెట్ తెరిచి, మాస్టర్ సిలిండర్‌ను గోడకు పట్టి ఉంచే నట్లను రెండు చుట్లు వదులు చేసి, సిలిండర్‌ను ముందుకు లాగాను. వదులైంది ఆ రెండు మిల్లీమీటర్లే. అయినా బండి అడుగున టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. వెళ్లి నెట్టాను. దొర్లింది.

ఫిబ్రవరి 9న పొడవు చేసిన పుష్ రాడ్ ఇది. మాస్టర్ సిలిండర్‌లో పైడబ్బా నుంచి దిగే చోట గుండుసూది మొన అంత సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు పూర్తిగా తీసినప్పుడు పిస్టన్ ఆ రంధ్రాన్ని దాటి వెనక్కి రావాలి. అప్పుడే వేడికి వ్యాకోచించిన ఆయిల్ పైకి, డబ్బాలోకి తిరిగి వెళ్లగలదు. రాడ్ పొడవై పిస్టన్‌ను ఎప్పుడూ కొద్దిగా నెట్టి ఉంచితే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, పోవడానికి దారి లేదు, ప్యాడ్లను నొక్కుతుంది, నొక్కితే ఇంకా వేడి, ఇంకా ఉబ్బు. షెడ్డులో నిలబెట్టి ఎంత తొక్కి చూసినా ఈ లోపం కనబడదు.

చల్లబడేదాకా గంట ఆగి, రాడ్‌ను పాత కొలతకు తిప్పి, నట్లు బిగించి, ఇరవై కిలోమీటర్ల వేగం దాటకుండా ఇంటికి చేరాను. పెడల్‌ను చేతివేలితో నొక్కితే రాడ్ పిస్టన్‌కు తగిలేలోపు నాలుగైదు మిల్లీమీటర్లు ఖాళీగా కదులుతోంది. బ్రేకు లైటు స్విచ్ కూడా చూశాను. అది ఎక్కువ బిగించి ఉన్నా పెడల్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వదు, ఫలితం ఇదే. అది సరిగానే ఉంది. వేడికి గురైంది కాబట్టి ఆయిల్ మొత్తం మళ్లీ మార్చాను. ముందు ప్యాడ్ల ముఖం గాజులా మెరుస్తుంటే ఎమరీ పేపరుతో రుద్ది మెరుపు పోగొట్టాను.

మార్చి 9, ఆదివారం

అదే కరకట్ట, పద్దెనిమిది కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్లకోసారి దిగి చక్రాలు చూశాను. ముందువి గోరువెచ్చగా, వెనకవి దాదాపు చల్లగా. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి కాబట్టి వేగాన్ని గంటకు నలభై కిలోమీటర్ల నుంచి పదికి పన్నెండుసార్లు మెల్లగా తగ్గించాను, మధ్యలో చల్లబడనిస్తూ. గట్టిగా తొక్కితే కొద్దిగా ఎడమకు లాగుతోంది. కాలిపర్ విప్పాలనే ఆలోచన వచ్చింది గానీ ముందు గాలి చూశాను. ముందు ఎడమ టైరులో తక్కువగా ఉంది. సరిచేశాక తిన్నగా ఆగుతోంది.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి తిన్న తరువాత అమ్మను ముందుసీట్లో కూర్చోబెట్టుకుని మంగళగిరి వెళ్లాం. పానకాల స్వామి కొండకు ఘాట్ రోడ్డులో ఎక్కాం. పైన వాలులో ఆపి హ్యాండ్ బ్రేక్ మీదే వదిలి చూశాను. కదల్లేదు. దిగేటప్పుడు రెండో గేరులో, బ్రేకును అదేపనిగా ఆనించి ఉంచకుండా, అవసరమైనచోట తొక్కి వదులుతూ వచ్చాను. కొండ కింద ఆపి తొక్కితే పెడల్ ఇంటి దగ్గర ఉన్న ఎత్తులోనే ఉంది. అమ్మ పానకం సీసా ఒళ్లో పెట్టుకుంది. దారి మొత్తంలో ఒక్క చుక్క తొణకలేదని ఇంటికి వచ్చాక నాకు చూపించింది.

ఏప్రిల్ 5, శనివారం

పైడబ్బాలో ఆయిల్ మట్టం నాలుగు వారాలుగా గీత మీదే ఉంది. తనిఖీకి వచ్చే వారం వెళ్తాను.

మేస్త్రీ గారికి డాల్డా డబ్బా తిరిగి ఇచ్చాను. బిరడాలు లెక్కపెట్టుకున్నారు. "ఎక్కడ దొరికాడు?" అని అడిగారు. చెప్పాను. "తిరగేసి బిగించేవాళ్లను చూశాను" అని మాత్రం అన్నారు.

అక్కడినుంచి సామాను దుకాణానికి వెళ్లాను. నేను తెచ్చిచ్చిన మాస్టర్ సిలిండర్ ఇంకా ఉందా అని అడిగితే దుకాణదారు కౌంటరు కింద వాపసు పంపే అట్టపెట్టెలో వెతికి తీశాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో "ఒత్తిడి లేదు" అని రాసి ఉంది.

"ఇది మంచిదేనండీ. తప్పు నా బిగింపులో ఉంది. దీని ఖరీదు తీసుకోండి."

ఆయన కాసేపు నా వంక చూసి బిల్లు పుస్తకం తీశాడు. బిల్లు రాస్తూ, లోపల ఏం జరిగిందో అడిగాడు. అక్కడే కౌంటరు మీద అరచేతిని కాలిపర్‌లా పెట్టి, చూపుడువేలిని నిప్పుల్ చేసి, పైకి ఒకసారి, కిందికి ఒకసారి తిప్పి చూపించాను. పక్కన ప్యాడ్లు కొనుక్కుంటున్న కుర్రాడు చేతిలో సంచి కింద పెట్టి, "ఇంకోసారి చూపించండి అన్నా" అన్నాడు.